హాల్డేన్: ప్రయోగశాల, పొలం గట్టు, నిరాహార దీక్ష

ప్రశ్న: మా ఊరి రంగరాయ వైద్య కళాశాలకు జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ తన శరీరాన్ని రాసి ఇచ్చారని విన్నాను. రాజకీయాల్లో తలదూర్చి ఆయన పరిశోధనను పాడుచేసుకున్నారని మా అధ్యాపకులలో ఒకరు, రాజకీయాలే ఆయన విజ్ఞానానికి పదును పెట్టాయని మరొకరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– జంతుశాస్త్ర విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీరు విన్నది నిజమే. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కేన్సర్‌తో మరణించిన హాల్డేన్, తన దేహాన్ని వైద్య పరిశోధనకూ బోధనకూ వాడుకోవాలని కాకినాడ కళాశాల పేరిట వీలునామా రాశారు. బతికి ఉండగా కూడా తన శరీరం ఈ రెండు పనులకూ ఉపయోగపడిందని అందులో చెప్పుకున్నారు. అది అక్షరాలా నిజం. రక్తంలో ఆమ్లగుణం మారితే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమ్మోనియం క్లోరైడ్ కలిపిన నీళ్లు తాగి, తన ఆయాసాన్ని తానే కొలుచుకున్న మనిషి ఆయన.

మీ అధ్యాపకులిద్దరూ పరిశోధననూ రాజకీయాన్నీ రెండు వేరు గదుల్లో పెట్టి చూస్తున్నట్టుంది. 1939 జూన్‌లో థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయినప్పుడు, వాళ్ల మరణానికి కారణం తేల్చిపెట్టమని కార్మిక సంఘాలు హాల్డేన్‌ను కోరాయి. ఆయన ఉక్కు గదిలోకి వెళ్లి తలుపు మూయించుకొని, బొగ్గుపులుసు వాయువు పెరుగుతున్నకొద్దీ ఆలోచన ఎలా మందగిస్తుందో, తలనొప్పీ వాంతులూ ఎప్పుడు మొదలవుతాయో గంటల తరబడి నమోదు చేశారు. ఆ గదిలో ఆయనతోపాటు కూర్చున్నవారు స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టులతో పోరాడి వచ్చిన స్వచ్ఛంద సైనికులు. అంతకుముందు ఆయన కూడా స్పెయిన్ వెళ్లి బాంబుదాడులను కళ్లారా చూసి, లండన్ ప్రజలకు భూమి లోతున ఆశ్రయాలు కట్టాలని లెక్కలతో సహా 1938లో పుస్తకం రాశారు. ఇందులో శాస్త్రం ఎక్కడ ముగిసిందో, రాజకీయం ఎక్కడ మొదలైందో గీత గీయమంటే నాకు చేతకాదు.

అయితే మొదటి అధ్యాపకుల మాటను పూర్తిగా కొట్టిపారేయడానికీ వీల్లేదు. సోవియట్ యూనియన్‌లో లైసెంకో అనే వ్యవసాయ శాస్త్రవేత్త అధికార బలంతో జన్యుశాస్త్రాన్ని తుడిచిపెడుతున్న రోజుల్లో, కమ్యూనిస్టు పార్టీ సభ్యుడైన హాల్డేన్ ఖండించవలసినంత గట్టిగా ఖండించలేదు. 1928లో ఆయనను సోవియట్ దేశానికి ఆహ్వానించిన, లైసెంకోను వ్యతిరేకించిన జన్యుశాస్త్రవేత్త వావిలోవ్ 1943లో జైల్లోనే చనిపోయాడు. అయినా 1948 చివరలో కూడా హాల్డేన్ రేడియో చర్చలో లైసెంకో పట్ల మెతకగానే మాట్లాడారు. ఆ తరువాత పార్టీకి దూరమయ్యారు కానీ, ఆ మెతకదనం వల్ల జరగవలసిన నష్టం అప్పటికే జరిగిపోయింది. ఎవరి మాటా నమ్మక స్వయంగా కొలిచి చూసే మనిషి, ఈ ఒక్క విషయంలో కొలబద్ద పక్కన పెట్టారనే నా అభిప్రాయం.

1956లో ఈజిప్టులోని సూయెజ్ కాలువ ప్రాంతంపై బ్రిటన్ దాడి చేసినందుకు నిరసనగా దేశం విడిచి వస్తున్నానని ఆయన చెప్పి, మరుసటి ఏడాది కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. పదవీ విరమణ వయసు ఎలాగూ దగ్గరపడిందనీ, ఇక్కడి జీవవైవిధ్యం ముందునుంచే ఆయనను ఆకర్షించిందనీ కూడా గుర్తుంచుకుంటే మంచిది. 1961 జనవరిలో, తన ఇంటికి విందుకు రావలసిన ఇద్దరు అమెరికన్ విద్యార్థులను వారి దేశపు అధికారులు ఆపినందుకు నిరాహార దీక్ష చేశారు. ఆ ఏడాదే భారత పౌరుడయ్యారు.

ప్రశ్న: మా కళాశాలలో మంచి సూక్ష్మదర్శిని కూడా లేదు. పొలాల్లో తిరిగి చూసినంత మాత్రాన అది పరిశోధన అవుతుందా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: పై జవాబు రాశాక మీకు కూడా హాల్డేన్ శిష్యుల పని గురించే చెప్పాలనిపించింది. ఖరీదైన పరికరాలు లేని దేశంలో, చంపకుండా, కోయకుండా, చూసి లెక్కపెట్టే జీవశాస్త్రం చేయవచ్చని ఆయన వాదించారు. పక్షులను హింస లేకుండా పరిశీలించడం గురించి 1959లో ప్రత్యేకంగా వ్యాసం రాశారు. ఎస్.కె. రాయ్ రెండు వరి రకాలను కలిపి నాటి దిగుబడిని పోల్చారు. టి.ఎ. డేవిస్ కొబ్బరి మట్టలు చెట్టు చుట్టూ కుడికి తిరుగుతున్నాయా, ఎడమకు తిరుగుతున్నాయా అని చెట్టు చెట్టూ తిరిగి లెక్కపెట్టి, ఆ తీరు తల్లిచెట్టు నుంచి పిల్లచెట్టుకు సంక్రమించదని తేల్చారు. హాల్డేన్ భార్య హెలెన్ స్పర్వే, ఎస్.డి. జయకర్ కలిసి ఎండాకాలంలో బట్టబయలు నేల మీద గుడ్లు పెట్టే తీతువు పిట్టల గూళ్లను ఋతువుల తరబడి కనిపెట్టి చూశారు.

వీటిలో మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు పని నాకు అన్నిటికన్నా ఇష్టం. లాంటానా పొదల్లో రంగురంగుల పూలు పూస్తాయి కదా. ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతుందో ఆయన ఓపికగా నమోదు చేస్తే, ఒక్కో జాతికి ఒక్కో రంగు మీద మొగ్గు ఉన్నట్టు తేలింది. అలాగైతే ఒక రంగు పూల పుప్పొడి మరో రంగు పూలకు అంతగా చేరదు. ఒకే చోట పెరుగుతున్న మొక్కల్లోనే ఒక జాతి రెండుగా చీలడానికి అది నాంది కావచ్చు. 1960లో ఇది నేచర్ పత్రికలో అచ్చయింది. లాంటానా మీ ఊరి కంచెల్లోనూ ఉండే ఉంటుంది. ఒకే పొదను, ఒకే వేళకు, వారాల తరబడి చూడండి. ఏ సీతాకోకచిలుకా వాలని పూల లెక్క కూడా రాయడం మరవకండి, లేకపోతే పోల్చడానికి ఏమీ మిగలదు.