పాపా, ముందు పక్కింటి గోడ చూసుకో

పాపా,

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర పది అంతస్తుల బిల్డింగు నువ్వే డిజైన్ చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. కింద షాపులు, పైన ఫ్లాట్లు, రెండు సెల్లార్లంట. మన ఇంటి ఆడపిల్ల అంత పని చేస్తా ఉందని వీధంతా చెప్పుకున్నా, కానీ మూడు పక్కలా ఇళ్ళు ఆనుకోనున్నాయి అన్న కాణ్ణించి నిద్ర పట్టలే.

తెలిసినవే చెప్తా. కార్లకీ, షాపులకీ, బెడ్రూములకీ ఒకే పిల్లర్లు పైనించి కిందిదాకా దిగాల. ఫ్లాట్ల బాత్రూమ్ పైపులు షాపు సీలింగ్ మీదుగా తిప్పొద్దు. ఫైరింజన్ తిరిగే 6 మీటర్ల జాగాలో ఓనరు జనరేటర్ పెడతానంటాడు, ఒప్పుకోవద్దు. షాపులకోసం కింద గోడలన్నీ తీసేస్తే 2001 భూకంపంలో అహ్మదాబాద్‌లో కింద గోడల్లేకుండా పిల్లర్ల మీదే నిలబెట్టిన స్టిల్ట్ పార్కింగ్ అపార్ట్‌మెంట్లు కూలిన గతే, లిఫ్ట్ చుట్టూ షీర్ వాల్, అదే భూకంపం ఊపుని తట్టుకునే కాంక్రీటు గోడ, పునాదిదాకా దించు.

ఇంక సెల్లార్ సంగతి. కొర్లగుంటలో నేనొక లాడ్జి కట్టించినా, అప్పటికి నువ్వు పుట్టలేదు. స్థలం అంచుదాకా తవ్వించినా. గుంత పక్కలు కూలకుండా షోరింగ్, అంటే ఆనింపులు, పెడదామంటే కాంట్రాక్టరు నాలుగు రోజుల్లో మట్టిని ఆపే రిటైనింగ్ వాల్ లేపేస్తాం సార్ ఎందుకు ఖర్చు అన్నాడు, నేనూ సరే అన్నా, అక్కడే తప్పు చేసినా. కార్తీక మాసం, రెండు రాత్రులు వాన కుండపోత, మట్టి నాని తెల్లారేసరికి పక్కింటి వంటిల్లు మా గుంతలో ఉంది. ఆ ఇంట్లో అవ్వ రోజూ ఆ వంటింట్లోనే పండుకునేది. ఆ రాత్రి పంచమి తీర్థానికని తిరుచానూరు పోయింది కాబట్టి బతికింది. వచ్చి గుంత అంచున నిలబడి నన్ను ఒక్క మాట తిట్టలే, నా రుబ్బురోలు కనపడతా ఉందా నాయనా అని అడిగింది. చైన్ కట్టి దాన్ని బయటికి తీయించి వంటిల్లు మళ్ళీ కట్టించినా, అయినా ఇప్పటికీ అర్ధరాత్రి వాన చప్పుడు వింటే లేచి కూర్చుంటా.

అందుకే సాయిల్ టెస్ట్ రిపోర్ట్ నువ్వే చదువు. తవ్వకముందే పక్కిళ్ళ గోడల పగుళ్ళు వాళ్ళని నిలబెట్టి ఫోటోలు తియ్యి. ముందు అంచున పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు, తర్వాతే తవ్వకం, అదీ సంక్రాంతి దాటినాకనే. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఎట్లా మునిగినాయో నువ్వు చూసినదానివే కదా, ఓనరు తొందరపెడితే మామ ఒప్పుకోలేదని చెప్పు, నా నంబరియ్యి.

కోపంగా రాసినా అనుకోవద్దు తల్లీ. ఆ మూడిళ్ళల్లో ముసలోళ్ళు ఏ పక్క పండుకుంటారో అడిగి తెలుసుకో. గుంత మొదలుపెట్టే రోజు ఫోన్ చెయ్యి, చిత్తూరులో ఫస్ట్ బస్సెక్కి వస్తా.

మీ మామ