ఖాళీ సాకెట్‌లో ఏ చిప్ పెట్టాలి?

ప్రశ్న: మా మామయ్య తన పాత 386డీఎక్స్ కంప్యూటర్‌ను అటక మీద నుంచి దించి నాకిచ్చారు. 33 మెగాహెర్ట్జ్‌ది. డాస్ బాగానే బూట్ అవుతోంది. ప్రాసెసర్ పక్కన చదరంగా ఒక ఖాళీ సాకెట్ ఉంది, చుట్టూ మూడు వరసల రంధ్రాలున్నాయి. అందులో మ్యాథ్ కో-ప్రాసెసర్ పెడతారట. ఇంటెల్, సైరిక్స్, ఐఐటీ, వైటెక్ అని నాలుగు పేర్లు కనిపిస్తున్నాయి. ఏది కొనమంటారు సార్? పెడితే డూమ్ వేగంగా ఆడుతుందా?

జవాబు: ముందు డూమ్ సంగతి తేల్చేద్దాం. ఏమీ పెరగదు. ఆ ఆటలో భిన్నాలను కూడా పూర్ణసంఖ్యల రూపంలోకి మార్చి లెక్కిస్తారు, కాబట్టి కో-ప్రాసెసర్‌కు అక్కడ పనే ఉండదు. అది కంప్యూటర్ వేగాన్ని పెంచే చిప్ కాదు. ప్రోగ్రామ్ ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ సంఖ్యల లెక్క) ఆదేశం ఇస్తేనే కదులుతుంది, లేకపోతే కరెంటు తాగుతూ కూర్చుంటుంది. ఆటల్లో నాకు గుర్తున్న మినహాయింపు 1991 నాటి ఫాల్కన్ 3.0. అందులో విమానం కదలికలను మరింత కచ్చితంగా లెక్కగట్టే పద్ధతి ఒకటుంది, దానికి ఈ చిప్ కావాలి. ఇక 386 కోసం వచ్చిన ఆటోకాడ్ (ఇంజినీరింగ్ డ్రాయింగ్ ప్రోగ్రామ్) అయితే కో-ప్రాసెసర్ లేనిదే నడవనే నడవదు. అందుకే ఏ చిప్ కొనాలి అనేకన్నా ముందు ఏం నడపాలనుకుంటున్నారో ఆలోచించండి.

అయినా ఖాళీ సాకెట్ చూస్తే చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు. పెట్టాలనే ఉంటే నా ఓటు సైరిక్స్ ఫాస్‌మ్యాథ్‌కే. 386కు జోడీగా ఇంటెల్ తెచ్చిన కో-ప్రాసెసర్ 387 సైన్, కొసైన్ లాంటివాటిని కార్డిక్ అనే పద్ధతిలో, కూడికలతో అంచెలంచెలుగా రాబడుతుంది. వర్గమూలానికే 122 నుంచి 129 క్లాకులు (చిప్ నడకలో ఒక్కో టిక్కు ఒక క్లాక్) తీసుకుంటుంది. సైరిక్స్ వాళ్లు గుణకారానికి పెద్ద హార్డ్‌వేర్ పెట్టి ఆ పనంతా దాని మీద వేశారు. వర్గమూలాలు, త్రికోణమితి లెక్కలు ఎక్కువున్న ప్రోగ్రాముల్లో తేడా బాగా తెలుస్తుంది. ఉత్త కూడికలు, గుణకారాలైతే అంత తెలియదు. చిప్ ఎంత చురుకైనదైనా ఆదేశాన్నీ అంకెలనూ 386 బయటి నుంచి అందించాలి, జవాబును మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలి. సమయంలో చాలా భాగం ఆ రాకపోకల్లోనే పోతుంది.

ఐఐటీ అంటే మీరనుకునే కాలేజీ కాదు, ఇంటిగ్రేటెడ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అనే కంపెనీ. వాళ్ల 3సి87లో అదనపు రిజిస్టర్లు (అంకెలను దాచుకునే గదులు), 4×4 మాట్రిక్స్ గుణకారానికి విడిగా ఒక ఆదేశం ఉన్నాయి. త్రీడీ బొమ్మలకు భలే ఆలోచన. కానీ ఆ ఆదేశాన్ని వాడుకున్న ప్రోగ్రాములు బహు తక్కువ. చవగ్గా దొరికితే తీసుకోండి, నష్టం లేదు.

వైటెక్ జోలికి మాత్రం వెళ్లకండి. మీ సాకెట్‌లో మూడో వరస ఉన్నది దానికోసమే. 3167 అనే ఆ చిప్‌కు 121 పిన్నులు, 387కు 68. వేగంలో వైటెక్‌ది పైచేయే, కానీ దానికి 387 భాష రాదు. మెమరీ చిరునామాల ద్వారా మాట్లాడుతుంది, దానికోసం రాసిన సాఫ్ట్‌వేర్ ఉంటేనే పలుకుతుంది. చేతిలో అలాంటి ప్రోగ్రామ్ లేకుండా కొంటే షోకేసులో పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టే పని, బిగించడం. 387 రకం చిప్ లోపలి రెండు వరసల్లోనే కూర్చోవాలి, బయటి వరస ఖాళీగా మిగలాలి. పైగా దాని పిన్నులు నాలుగు వైపులా ఒకేలా ఉంటాయి, ఎటు తిప్పి పెట్టినా దిగిపోతుంది. ఒకసారి రాత్రి పొద్దుపోయాక, నిద్రమత్తులో, స్నేహితుడి బోర్డులో నేను తిప్పి పెట్టేశాను. స్విచ్ వేసిన పది సెకన్లకు వాసన వచ్చింది. వేలు పెట్టి చూశాను, కాలింది. చిప్ పోయింది, అదృష్టం కొద్దీ బోర్డు బతికింది. కొత్త చిప్ నేనే కొనిచ్చాను. అప్పటినుంచి పెట్టేముందు ఫోటో తీసి, చిప్‌కు కోసినట్టుండే మూల, సాకెట్ మీద గుర్తున్న మూల ఒకే వైపు ఉన్నాయా అని రెండుసార్లు చూసుకుంటాను. చిప్ మీద 33 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రాసి ఉండాలి. 25 ది పెట్టకండి. కొన్ని బోర్డుల్లో జంపర్ (పిన్నులను కలిపే చిన్న తొడుగు) కూడా మార్చాల్సి ఉంటుంది.

ప్రశ్న: నా దగ్గర 6 మెగాహెర్ట్జ్ ఐబీఎం ఏటీ కంప్యూటర్ ఉంది. దానికి 80287 కో-ప్రాసెసర్ పెట్టాను. 8087 ఉన్న పాత పీసీ కన్నా లెక్కలు నెమ్మదిగా అవుతున్నాయి. చిప్ పాడైందా?

జవాబు: పాడవలేదు. మీ ఏటీలో ప్రాసెసర్ 6 మీద నడిచినా 287 నడిచేది 4 మెగాహెర్ట్జ్ మీదే. పాత పీసీలో 8087కు 4.77 అందేది. 287 లోపల లెక్క చేసే భాగం దాదాపు 8087దే కాబట్టి క్లాక్ తగ్గితే ఫలితమూ తగ్గుతుంది. అదే సాకెట్‌లో దిగే ఐఐటీ 2సి87 గానీ, 387 తరహా లోపలి భాగంతో ఇంటెల్ తర్వాత తెచ్చిన 287ఎక్స్ఎల్ గానీ వేసి చూడండి. క్లాక్ అదే ఉన్నా తక్కువ క్లాకుల్లో పని ముగిస్తాయి.