ఆ బురద మీ నీళ్లది కాదు

ప్రశ్న: మాది కడప. బెంగళూరు మారతహళ్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకర్. మొన్న ఫిల్టర్లు అమ్మే కుర్రాడొకడు వచ్చి ఒక గ్లాసులో మా కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో ఆర్‌ఓ నీళ్లు పోసి, కడ్డీలున్న కరెంటు పరికరం పెట్టాడు. రెండు నిమిషాల్లో మా నీళ్లు బురదలా అయిపోయాయి, అతనివి మాత్రం అలాగే ఉన్నాయి. టీడీఎస్ మీటరు 850 చూపించింది. ఇంట్లో నాలుగు నెలల పాపకి పోతపాలే. మా అత్తయ్యకి ఒకటే టెన్షన్. నిజంగా అంత చెడ్డ నీళ్లా మేడమ్?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ బురద మీ నీళ్లలోది కాదమ్మా, ఆ ఇనప కడ్డీది. మీ నీళ్లలో లవణాలున్నాయి కాబట్టి కరెంటు పారింది, కడ్డీ కరిగి తుప్పయింది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు బాగా తక్కువ, కరెంటు పెద్దగా పారదు, అంతే. ఈసారి వస్తే అతని గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి, అత్తయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని మరీ!

మీటరు మోసం కాదుగానీ, అదీ కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో చూసి, దాన్నిబట్టి లీటరుకి ఇన్ని మిల్లీగ్రాముల లవణాలని లెక్కకట్టి చెబుతుంది. ఆ 850లో ఏమేం ఉన్నాయో దానికి తెలీదు. మన తాగునీటి ప్రమాణంలో 500 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. ఈ లవణాల వల్ల గీజరుకి పట్టే తెల్లటి పొర గురించైతే నేను కంగారు పడను.

నేను అడిగేది నైట్రేట్ గురించి. మురుగు భూమిలోకి ఇంకేచోట బోరు నీళ్లలోకి చేరుతుంది, రంగుండదు, వాసనుండదు, కాచితే పోదు సరికదా నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. దీనికి హద్దు లీటరుకి 45 మిల్లీగ్రాములు, ఏ సడలింపూ లేదు. ఆరు నెలల్లోపు పిల్లల్లో ఎక్కువైతే రక్తం ఆక్సిజన్ని సరిగ్గా మోయలేదు, ఒళ్లు నీలంగా మారుతుంది. టీడీఎస్ 300 ఉన్న నీళ్లలోనూ నైట్రేట్ 60 ఉండొచ్చు, మీటరు నోరు విప్పదు.

ల్యాబ్‌లో దాన్ని పట్టుకునే ఒక పద్ధతి నాకు భలే ఇష్టం. 220 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని నైట్రేట్ పీల్చుకుంటుంది. చిక్కేమిటంటే నీళ్లలో కరిగిన ఆకూ అలమూ, మురుగు తాలూకు పదార్థాలూ అదే కాంతిని పీల్చుకుంటాయి. అందుకని నైట్రేట్ పట్టించుకోని 275 దగ్గర ఇంకోసారి చూసి, ఆ వాటాని తీసేస్తారు. బీఎస్సీలో విసుక్కుంటూ చేసిన ప్రాక్టికల్సే ఇవి.

ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యత చూసే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబ్‌లో నైట్రేట్, ఫ్లోరైడ్, కోలిఫాం (మురుగు కలిసిందేమో పట్టిచ్చే బ్యాక్టీరియా) పరీక్షలు చేయించండి. కోలిఫాంకి వాళ్లిచ్చే స్టెరైల్ సీసానే వాడాలి, దాన్ని కడగొద్దు. రిపోర్టు వచ్చేదాకా పాప పాలకి బోరు నీళ్లు వద్దు, సీలున్న బాటిల్ నీళ్లు కాచి వాడండి, పిల్లల డాక్టరుకీ ఒక మాట చెప్పండి. బోరు నీళ్లు ఒక సీసాలో, ట్యాంకర్‌వి ఇంకో సీసాలో పట్టండి. సంపులో కలిశాక పడితే తేడా వచ్చినప్పుడు ఎవరిని నిలదీయాలో తెలీదు.