మూడో పిన్ను విరిచిన చోట పాడొద్దు పాపా

పాపకు మామ దీవించి రాయునది.

డిసెంబరు మొదలు సంక్రాంతి దాకా చర్చి ఆరాధన బ్యాండుతో ఊర్లు తిరగబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వినగానే సంతోషంతో గొంతు పూడుకుపోయింది. ఆ వెంటనే గుండె దడ. తాళాలు చేతికి పట్టనంత చిన్న వయసులో గుడి ముందువరుసలో చాప మీద కూర్చుని దెబ్బ తప్పకుండా కొట్టేదానివి. ఇప్పుడు మెడలో గిటారు వేసుకుని అంతమంది ముందు పాడబోతున్నావు. వద్దని నేననను, మీ అమ్మా అనదు. ఆమె భయం రోడ్డు గురించి. నా భయం కరెంటు గురించి. అందుకే ముందు నాది రాస్తా.

సామాన్ల సంగతి నీకు తెలిసిందే. తీగలు రెండు సెట్లు, అదనంగా రెండు కేబుళ్లు, 9 వోల్టుల బ్యాటరీలు, ఇన్సులేషన్ టేపు, టార్చిలైటు. వోల్టేజీ కొలిచే ఒక చిన్న మల్టీమీటర్ మాత్రం కొనుక్కో. దాని అవసరం కింద రాస్తున్నా.

సభ జరిగే మైదానంలో స్టేజీ ఒక చోట, సౌండ్లన్నీ కలిపే మిక్సర్ వంద అడుగుల అవతల పందిరి కింద ఉంటాయి. స్టేజీ మీది యాంప్లిఫయర్‌కు ఒక బోర్డు నుంచి, మిక్సర్‌కు ఇంకో బోర్డు నుంచి కరెంటు ఇస్తారు. రెండు చోట్లా ఎర్త్ ఉంటుంది, ఆ రెండు ఎర్తులనూ సౌండ్ కేబుల్ పైపొర, అంటే లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు పొర, కలుపుతుంది. రెండింటి మధ్య రవంత వోల్టేజీ తేడా ఉన్నా ఆ పొరలో కరెంటు పారి స్పీకర్లలో 'ఊ' అని ఒక మోత మొదలవుతుంది. 50 హెర్ట్జ్ మోత అది. బేస్ గిటారు లావు తీగ మీద మూడో ఫ్రెట్టులో పలికే జి స్వరం 49 హెర్ట్జ్, ఇంచుమించు అదే. ఆరాధనలో అందరూ మౌనంగా ప్రార్థన చేస్తున్నప్పుడు ఇది మరీ వినిపిస్తుంది. పాస్టరుగారు సౌండ్ అబ్బాయి వైపు చూస్తారు, ఆ అబ్బాయి గబగబా వచ్చి యాంప్లిఫయర్ ప్లగ్గులో పైనున్న లావు పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, కటింగ్ ప్లేయరుతో విరిచేస్తాడు. లేదా రెండు పిన్నుల అడాప్టర్ పెడతాడు. మోత అక్కడికక్కడే ఆగిపోతుంది. ఈ పాత తప్పు మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఇంకా బతికుండడానికి కారణం అదే: మోత నిజంగానే ఆగుతుంది. దాన్ని చూసి పక్కవాడు నేర్చుకుంటాడు, వాడిని చూసి ఇంకొకడు.

ఆ పిన్ను పోయాక ఏమవుతుందో నిదానంగా చదువు. యాంప్లిఫయర్ లోపల ఫేజ్ వైరు ఎలుక కొరికో, తడి తగిలో ఇనుప డబ్బాకు ఆనుకుందనుకో. ఎర్త్ ఉంటే ఫ్యూజు ఠక్కున పోతుంది, గొడవ అక్కడితో తీరుతుంది. ఎర్త్ లేకపోతే ఫ్యూజు పోదు, డబ్బా మొత్తం 230 వోల్టులతో గమ్మున కూర్చుంటుంది. డబ్బా నుంచి కేబుల్ పైపొరకు, అక్కడినుంచి గిటారు జాక్‌కు, తీగలు ఆనే లోహపు బ్రిడ్జికి, నీ వేళ్ల కింద తీగలకు అదే వోల్టేజీ. ఎలక్ట్రిక్ గిటారు తీగలన్నీ బ్రిడ్జి దగ్గర ఎర్త్ వైరుకు కలిపి ఉంటాయి కదా. ఇక నీ ముందున్న మైకు జాలీ మిక్సర్ గుండా అసలు ఎర్తుకు కలిసి ఉంటుంది. ఎడమచేయి తీగల మీద, పెదవులు మైకు మీద. కరెంటుకు దారి చేతి నుంచి ఛాతీ మీదుగా నోటికి. చెమట పట్టిన ఒంటికి వెయ్యి ఓముల అడ్డు ఉందనుకున్నా పారేది 230 మిల్లీ ఆంపియర్లు. కరెంటు పక్కదారి పడితే తానే ఆపేసి ప్రాణాలు కాపాడే స్విచ్చు, ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయేలా ఎందుకు తయారు చేస్తారో దీన్నిబట్టి తెలుస్తుంది. పైగా చేతి కండరాలు బిగుసుకుని తీగలను వదలనివ్వవు.

మన సభల్లో ఇంకొకటి ఉంది. చెప్పులు కింద విడిచి స్టేజీ ఎక్కుతాం. అది మన భక్తి, దాన్ని మానమని అనను. కానీ మన వైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సెమీ క్రిస్మస్ సభలూ అప్పుడే. పగలు జల్లు పడుతుంది, రాత్రి మంచు పడుతుంది, స్టేజీ మీద పరిచిన కార్పెట్ నీళ్లు పీల్చుకుని ఉంటుంది. దాని మీద వట్టి కాళ్లతో నిలబడి మైకు పట్టుకుంటారు. నువ్వు నిలబడే చోట రెండడుగుల రబ్బరు చాప వేసుకో, దాని మీద చెప్పుల్లేకుండా నిలబడు. ఎవరూ తప్పుపట్టరు, పట్టినా పట్టనీ.

మోతకు సరైన మందు వేరే ఉంది. స్టేజీకీ మిక్సర్‌కీ ఒకే బోర్డు నుంచి, మూడు కోర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌తో కరెంటు లాగాలి. లైట్లు వేరే లైను. కేబుల్ డ్రమ్ము మీద చుట్టి ఉంటే మొత్తం విప్పి పరచాలి, చుట్టగా ఉంచి లోడు వేస్తే వేడెక్కి కరుగుతుంది. కరెంటు వైర్లూ సౌండ్ వైర్లూ పక్కపక్కన పోకూడదు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించాలి. అయినా మోత వస్తే గిటారును మిక్సర్ కేబుల్‌కు కలిపే డి.ఐ. బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే స్విచ్చు నొక్కాలి. అది సౌండ్ కేబుల్ పొరను మాత్రమే విడదీస్తుంది, ప్లగ్గు ఎర్తును ముట్టుకోదు. ట్రాకులు వేసే ల్యాప్‌టాప్ నుంచి మోత వస్తుంటే పాట జరిగేంతసేపు ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపాలి.

చూసుకునే పద్ధతి కూడా రాస్తా. సామాన్లేవీ తగిలించక ముందే ఖాళీ బోర్డులో మీటరు పెట్టాలి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 220 నుంచి 240. ఫేజుకూ ఎర్తుకూ మధ్య దాదాపు అంతే. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులు, 5 దాటితే అడుగు. జనరేటరు పక్కనే అయితే సున్నా రావడం సహజం. దూరపు బోర్డులో, లైట్లన్నీ వెలుగుతుండగా కూడా సున్నా వస్తోందంటే, లోపల ఎవరో న్యూట్రల్ నుంచే ఎర్త్ పిన్నుకు చిన్న వైరు ముక్క వేసి ఉంటారు. అక్కడ న్యూట్రల్ తెగిన క్షణాన నీ సామాన్లన్నిటి మీదికీ ఫేజు వస్తుంది. బోర్డు విప్పించి చూపించమను.

మీటరు మాత్రం చాలదు. సరిగ్గా అంటని ఎర్తుకు కూడా మీటరు 230 చూపిస్తుంది. అందుకే 60 వాట్ల పాత రకం బల్బును, ఎల్ఈడీని కాదు, హోల్డర్‌కు రెండు వైర్లు కట్టి ఫేజుకూ ఎర్తుకూ మధ్య పెట్టించు. నిండుగా వెలిగితే ఎర్త్ కనీసం అందుతోందని, ఫ్యూజు పోయేంత కరెంటు మోస్తుందనడానికి మాత్రం అది రుజువు కాదు. మినుకుమినుకుమంటే ఆ ఎర్త్ పనికిరాదు. ఆర్‌సీసీబీ ఉన్న చోట బల్బు వెలగకుండా అదే పడిపోతుంది, అదీ మంచి గుర్తే. ఇది సౌండ్ వాళ్ల ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని. నువ్వు చేయొద్దు, పక్కన నిలబడి చూడు. చివరికి అన్నీ తగిలించాక, గిటారు ముట్టుకోకముందు, మీటరు ఒక ముల్లు తీగకూ ఇంకొకటి మైకు జాలీకీ ఆనించు. ఒకటో రెండో వోల్టులైతే పాడు. 50, 100 చూపిస్తే ఎక్కడో ఎర్త్ అందలేదని. 200 దాటితే మెయిన్ ఆపించు, సభ ఆలస్యమైతే కానీ. 'చేయి జివ్వుమంటోంది, ఏం కాదులే' అని ఎవరైనా అంటే ఆ మాట వినకు పాపా. జివ్వుమనడమే నీకు అందిన హెచ్చరిక. వీలైతే పాడేదానికి కార్డ్‌లెస్ మైకు అడుగు, నోటి నుంచి పోయే దారి అక్కడ తెగుతుంది. లేకపోతే మైకుకు స్పాంజి తొడుగు వెయ్యి.

ఎవరినైనా కరెంటు పట్టుకుంటే వాళ్లను ముట్టుకోవద్దు. మెయిన్ ఆపాలి, అది దూరమైతే ఎండిన కట్టెతో విడిపించాలి. ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఊపిరి లేకపోతే ఛాతీ నడుమ రెండు చేతులతో ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. మీ ప్యాడ్స్ వాయించే అబ్బాయికి ఆ టెంపో చేతుల్లో ఉంటుంది. బయల్దేరే ముందు అందరూ దిండు మీద ఒకసారి చేసి చూడండి.

జనరేటరు మీద అయితే న్యూట్రల్‌ను దాని దగ్గరే ఎర్త్ రాడ్‌కు కలిపారా, రాడ్ భూమిలో దిగిందా, చుట్టూ నీళ్లు పోశారా అడుగు. ఒక వైపు బల్బులు తెల్లగా మండుతూ ఇంకో వైపు మసకబారితే న్యూట్రల్ లూజు, సామాన్లు కాలిపోతాయి, వెంటనే ఆపించాలి. ఆన్ చేసేటప్పుడు పవర్ యాంప్లిఫయర్లు చివర, ఆపేటప్పుడు అవే మొదట.

హార్మోనియం, డోలక్, తాళాలు, చెట్టుకు కట్టిన రెండు గొట్టం స్పీకర్లు, బ్యాటరీ మీద నడిచే ఒక యాంప్లిఫయర్. ఒకప్పుడు పల్లె సభ అంటే ఇంతే. పాట ఊరి చివరిదాకా వినిపించేది, జనం కీర్తనలు చూడకుండా పాడేవాళ్లు. ఆ ముసలివాళ్లు ఇప్పటికీ ముందు వరుసలో ఉంటారు. కొత్త పాటలు నాలుగు పాడితే కీర్తనల పుస్తకంలోది ఒకటైనా పాడు, వాళ్ల తాళంలోనే పాడు. సభతో పాడించే పాటలో పై స్వరం డి దాటనీయకు, దాటితే సగం గొంతులు ఆగిపోతాయి. కీబోర్డు అబ్బాయి శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి మరిచిపోతాడు. ప్రతి పాటకు ముందు ఒక్క స్వరం నెమ్మదిగా వేయించి నీ తీగతో కలుపుకో. చిత్తూరు దాటి వేలూరు వైపు వెళ్తే ఒక చరణం తమిళంలో నేర్చుకో, తెలుగు అక్షరాల్లో రాసుకున్నా సరిపోతుంది.

తిరుపతి ఎండలో శ్రుతి చేసి పలమనేరు, మదనపల్లె చలిలో దిగితే ఉక్కు తీగలు బిగిసి శ్రుతి పైకి పోతుంది, మంచుకు డోలక్ తోలు వదులై కిందికి పోతుంది. రెండూ ఎదురెదురు దిక్కులు. అందుకే వాయిద్యాలు సభకు అరగంట ముందే సంచుల్లోంచి బయటికి తీసి పెట్టి, ఆ తర్వాత శ్రుతి చెయ్యండి. నీ గొంతు నీకు వినబడకపోతే అరవొద్దు, మానిటర్, అంటే మీ వైపు తిప్పి పెట్టిన స్పీకరు, పెంచమని అడుగు. మూడు రోజుల సభల్లో మొదటి రాత్రి అరిచినవాళ్లకు మూడో రాత్రి గొంతుండదు.

ఇక మీ అమ్మ భయం. సభ అయ్యాక ప్రేమవిందు అంటారు, తినేసరికి పన్నెండు. అప్పుడు 'తెల్లారేసరికి తిరుపతిలో ఉందాం' అని ఎవడో ఒకడు అంటాడు. వద్దు. రాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజాము ఐదు దాకా బండి కదలకూడదని ముందే మాట తీసుకో. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు రాత్రిపూట లోయలో పడింది. మదనపల్లె నుంచి మీరొచ్చే దారే అది. పలమనేరు నుంచి దిగే మొగిలి ఘాట్ కూడా అంతే. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి, డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే బ్రేకులు వేడెక్కి పట్టవు. డ్రైవరు వాయించేవాడై ఉండకూడదు, సభ జరుగుతున్నప్పుడు అతను పడుకోవాలి. స్పీకర్లు, స్టాండ్లు బండి లోపల కిందనే, వెనక చక్రాలకు ముందు వైపు పెట్టి తాడుతో కట్టాలి. పైన కట్టితే మలుపులో బండి ఒరుగుతుంది. ఇవి అడగడానికి సిగ్గుపడితే నా మీద ఒట్టు. నిన్ను మొండిదని అనుకున్నా పరవాలేదు, నువ్వు ఇంటికి చేరాలి మాకు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ప్రభుత్వం సడలించిన రోజుల్లో మాత్రమే, అదీ అర్ధరాత్రి దాకా. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం వంద మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉండవచ్చు. మైకు అనుమతి కాగితం సభ పెట్టినవాళ్ల దగ్గర ఉందా అని ఫోన్‌లోనే అడిగి, ఫోటో తెప్పించుకోండి. ఇంకొక మాట, బ్యాండు బ్యానరు, స్టిక్కర్లు, కరపత్రాలు ఉన్న బండిని అలిపిరి వైపు తిప్పొద్దు. తిరుమలలో అన్యమత ప్రచారం నిషేధం, అది మనం గౌరవించాల్సిన మాట. వైకుంఠ ఏకాదశి రోజుల్లో తిరుపతి ఊళ్లోంచి బయటపడడానికే చాలాసేపు పడుతుంది, అది కూడా లెక్కేసుకోండి.

కానుక ఎంత, డీజిల్ ఎవరిది, బస ఎక్కడ, ఈ మూడూ బయల్దేరే ముందే వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉండాలి. ఆడపిల్లలు ఇద్దరికి తక్కువ కాకుండా ఒక గదిలో ఉండాలి. గది తలుపుకు లోపలి గడియ పడుతుందో లేదో సంచి దించకముందే చూసుకో.

నీ ఎక్స్‌టెన్షన్ బోర్డు ఈ శనివారం లోపల ఇంటికి పంపించు. దాని ప్లగ్గు మార్చి, మూడో పిన్నుకు వైరు బిగించి ఇస్తా. టెస్ట్ బల్బు హోల్డరు కట్టి ఉంచాను, రబ్బరు చాప కూడా తెచ్చాను. రెండూ మీ అమ్మ ఆదివారం వచ్చినప్పుడు ఇచ్చి పంపుతా.

మామ