తాగుడు సంగతి దాచి హెల్త్ పాలసీ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది చీమకుర్తి. మావారు గ్రానైట్ క్వారీలో పని చేస్తారు. జీతం 22 వేలు. కరోనా లాక్‌డౌన్‌లో పని లేక ఇంట్లో కూర్చున్నప్పుడు పట్టుకున్న తాగుడు ఇప్పుడు రోజూ అయిపోయింది. రోజుకు 200 రూపాయలు దానికే పోతున్నాయి. హెల్త్ పాలసీ తీసుకుందామంటే, ఏజెంటు ఫారంలో తాగుడు లేదని రాసేస్తానంటున్నాడు. రాయించమంటారా? డ్వాక్రా లోను తెచ్చి ప్రీమియం కడదామనుకుంటున్నా. వచ్చే నెల నుంచి ఆయన చేతికి పైసా కూడా ఇవ్వను.
- ఒక పాఠకురాలు

జవాబు: రాయించొద్దమ్మా. ఆసుపత్రిలో చేరితే డాక్టరు తాగుడు ఉందా అని అడిగి కేస్ షీట్‌లో రాస్తారు. క్లెయిమ్ పెట్టినప్పుడు కంపెనీ చూసేది ఆ కాగితాన్నే. ఫారంలో ఒకటి, అక్కడ ఇంకొకటి ఉంటే క్లెయిమ్ రాకపోవచ్చు, కట్టిన ప్రీమియమూ పోవచ్చు. నిజం రాసినా, తాగుడు మాన్పించే చికిత్సకు, తాగుడు వల్ల వచ్చే జబ్బులకు మామూలుగా పాలసీలు డబ్బివ్వవు. ఆ పాలసీ కోసం డ్వాక్రా లోను అసలే వద్దు.

చేతికి పైసా ఇవ్వనన్నారు చూడండి, నాకు భయం వేసింది అక్కడే. ఏళ్ళుగా రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. డబ్బు ఆపితే తాగుడు ఆగుతుందన్న నమ్మకమూ లేదు. 2020 మేలో మన రాష్ట్రంలో మద్యం ధరలు 75 శాతం పెరిగాయి. అలవాటు ముదిరిన ఇళ్ళలో కోత పడింది పాలకీ, పిల్లల ఫీజులకీ. అదే ఏడాది జులై చివర్లో కురిచేడులో మద్యం షాపులు మూసి ఉంటే శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. మీకు ఎంత దూరమని!

కాబట్టి మీ మొదటి ఖర్చు చికిత్సే. రోజుకు 200 అంటే నెలకు 6 వేలు, జీతంలో నాలుగో వంతు కంటే ఎక్కువ. ముందు ఆయనతో మాట్లాడి, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. తాగుడు ఎంత, ఎలా తగ్గించాలో వాళ్ళే చెప్తారు. రానూపోనూ చార్జీలు, మందులు, పని పోయే రోజులు లెక్కేసుకుని 15 వేల దాకా మీ పేరున విడిగా ఉంచండి. ఆయన రానంటే మీరే 14416 కి ఫోన్ చేయండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. జీతం మీరు చూసుకోవడం మంచిదే, కానీ ఆయన ఒప్పుకున్నాకే.

తాగుడు తగ్గి డబ్బు మిగలడం మొదలయ్యాక నెలకు 3 వేలు పోస్టాఫీసు ఆర్‌డీలో వేయండి. ఐదేళ్ళకు అసలే 1,80,000 అవుతుంది, వడ్డీ అదనం. ఆయనకు 50 ఏళ్ళలోపు ఉంటే బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా తీసుకోండి. ఏడాదికి 436 రూపాయలు, ఆయన ప్రాణానికి ఏమైనా అయితే ఇంటికి 2 లక్షలు వస్తాయి. మీకూ పిల్లలకూ ప్రభుత్వ వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందో లేదో సచివాలయంలో కనుక్కున్నాకే వేరే హెల్త్ పాలసీ గురించి ఆలోచించండి.

ఏజెంటు ఈపాటికే ఆ ఫారం పంపేసి, పాలసీ మీ చేతికి వచ్చేసి ఉంటే, 30 రోజుల్లోపు దాన్ని వెనక్కి ఇచ్చేయవచ్చు. కొద్దిపాటి ఖర్చులు పట్టుకుని మిగతా డబ్బు తిరిగి ఇస్తారు.