పేరు పెడితే లెక్క మారింది: జె భాష ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతూ, ఆసక్తి కొద్దీ జె (J) అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. సగటు కోసం +/ % # 4 8 6 అని టైప్ చేస్తే 0.333333 వచ్చింది. అదే +/ % # కు ‘మీన్’ అని పేరు పెట్టి, మీన్ 4 8 6 అంటే 6 వచ్చింది. ఎందుకిలా? ఈ భాషతో ఉద్యోగం వస్తుందా?

జవాబు: రెండు ఫలితాలూ సరైనవే, ఎందుకంటే మీరు వేసినవి రెండు వేర్వేరు లెక్కలు. జెలో భాగహారం ముందు, తీసివేత తర్వాత అనే క్రమం లేదు. లెక్క కుడి నుంచి ఎడమకు సాగుతుంది కనుక 10-3-2 విలువ అక్కడ 9. మీ మొదటి లైనులో # జాబితాలోని సంఖ్యలను లెక్కపెట్టి 3 ఇచ్చింది. ఎడమ పక్కన సంఖ్య ఏదీ లేనందువల్ల % ఆ 3కు వ్యుత్క్రమాన్ని (1/3) తీసింది. మిగిలిన ఒక్క సంఖ్యనే +/ కూడింది.

పేరు పెట్టినప్పుడు డేటా పక్కన లేదు. అలా విడిగా నిలిచిన మూడు క్రియలు (+/, %, # వంటి పనిచేసే గుర్తులు) ‘ఫోర్క్’ అవుతాయి: రెండు చివర్లలోని క్రియలూ జాబితా మీద వేర్వేరుగా పనిచేసి 18, 3 ఇస్తాయి, నడిమి % వాటిని భాగిస్తుంది. (+/ % #) 4 8 6 అని కుండలీకరణాలు పెట్టినా 6 వచ్చేది. సీ భాషలోని మాక్రో (కోడ్ ముక్కకు పెట్టిన పేరు) ఆ ముక్కను ఉన్నదున్నట్టు అతికిస్తుంది. జెలో పేరు అలా కాదు, అది కుండలీకరణాల పని కూడా చేస్తుంది.

ఇంకో మెలిక ఉంది. +/ కు ‘టాట్’ అని పేరు పెట్టి, మీన్‌ను టాట్ % # గా రాసి, తర్వాత టాట్‌ను >./ (జాబితాలో అతిపెద్ద సంఖ్యను ఇచ్చేది) గా మార్చితే, మీన్ 4 8 6 విలువ 2.66667 అవుతుంది. క్రియ పేరు వెనుక ఏముందో జె నడిపే సమయంలోనే చూస్తుంది. ఇలాంటి నిర్వచనంలో సంఖ్యలకు పెట్టిన పేర్లు మాత్రం దాన్ని రాసిన నాటి విలువనే అందిస్తాయి.

ఇక ఉద్యోగం సంగతి. కేవలం జె కోసం వచ్చే ప్రకటనలు చాలా అరుదు. దాని మూలపురుషుడు కెన్నెత్ ఐవర్సన్‌కు 1979లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది కానీ, మార్కెట్ ఉన్నది అదే కుటుంబానికి చెందిన క్యూ భాషకు. బ్యాంకులు, ట్రేడింగ్ సంస్థలు కేడీబీ ప్లస్ డేటాబేస్‌తో పాటు దాన్ని వాడతాయి. క్యూలోనూ లెక్క కుడి నుంచి ఎడమకే, అయితే జె తరహా ఫోర్క్‌లు లేవు. కాబట్టి ముందు పైథాన్, నంపై (పైథాన్‌లో సంఖ్యల జాబితాల లెక్కలకు వాడే లైబ్రరీ), ఎస్‌క్యూఎల్ గట్టిపరచుకుని, షేర్ల ధరల చలన సగటును జెలోనూ నంపైలోనూ రాసిన ఒక చిన్న ప్రాజెక్టును రెజ్యూమెలో చేర్చండి.