పీఆర్‌ఓ అన్న హోదా చూసి చేర్పించకండి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయి బీకాం పూర్తి చేసింది. బ్యాంకు కోచింగ్‌కు వెళ్లమంటే పబ్లిక్ రిలేషన్సే (పీఆర్) చేస్తానంటోంది. విజయవాడలో ఒక ఆసుపత్రి పీఆర్‌ఓ (పబ్లిక్ రిలేషన్స్ ఆఫీసర్) ఉద్యోగం ఇస్తామంటోంది. చేర్పించవచ్చా? - ఒక తండ్రి

జవాబు: చేర్పించే ముందు రోజంతా అమ్మాయి చేయాల్సిన పనేమిటో అడగండి. మన ప్రాంతంలో చాలా ఆసుపత్రుల్లో పీఆర్‌ఓ అంటే ఊళ్లు తిరిగి, ఆర్‌ఎంపీలను కలిసి, రోగులను పంపమని అడిగే మనిషి. కార్పొరేట్ కాలేజీల్లో అయితే పదో తరగతి పరీక్షలు అవకముందే ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు తెచ్చే మనిషి. నెలకింతమంది అని టార్గెట్ పెడతారు. రోగిని పంపినందుకు డాక్టర్లు కమీషన్ ఇచ్చిపుచ్చుకోవడాన్ని వైద్య మండలి 2002లోనే నిబంధనల్లో నిషేధించింది. అలాంటి లావాదేవీల మధ్య ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల పిల్లను నిలబెట్టవద్దు. రెండేళ్లు చేసినా పీఆర్ అనుభవం కిందికి రాదు.

అసలు పని వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అలాంటప్పుడు జనం ఆసుపత్రిని అడిగేవి చిన్న ప్రశ్నలే. ఎమర్జెన్సీ నడుస్తోందా? ఏ దారిన రావాలి? డయాలసిస్ రోగులు ఎక్కడికి పోవాలి? వీటికి గంటగంటకూ సరైన జవాబు తయారుచేసి, విలేకరులకూ వాట్సాప్ గ్రూపులకూ పంపి, వదంతి పుడితే వెంటనే ఖండించేది పీఆర్ మనిషే. తెలియని విషయానికి జవాబు కల్పించకూడదు. ఇంకా తెలియలేదని చెప్పి, ఎన్నింటికి చెబుతారో చెప్పాలి. ఒక్కసారి అబద్ధం చెబితే ఆ విలేకరి మళ్లీ మీ మాట నమ్మడు. ఈ వృత్తిలో అంతకు మించిన నష్టం లేదు.

అందుకే రాయడం రావాలి. తెలుగూ ఇంగ్లిషూ రెండూ. వారానికి ఒక ప్రెస్‌నోట్ రాయమనండి: మిర్చి యార్డు సెలవుల గురించో, కాలేజీ రక్తదాన శిబిరం గురించో. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి మొదటి పేరాలోనే రావాలి. అతిథుల పొగడ్తలు తీసేయాలి. రోజూ మూడు పత్రికల జిల్లా పేజీలు పక్కపక్కన పెట్టుకుని, ఒకే వార్తను ఎవరు ఎలా రాశారో చూస్తే చాలా నేర్చుకుంటుంది.

బీకాం చదవడం లోటేమీ కాదు. కంపెనీ త్రైమాసిక ఫలితాలను మామూలు మాటల్లో చెప్పగలిగే వాళ్లు, కంపెనీల తరఫున పీఆర్ పని చేసిపెట్టే ఏజెన్సీలకు కావాలి. చదువు కొనసాగిస్తానంటే దగ్గర్లోనే నాగార్జున విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం ఉంది. ఢిల్లీ ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్)లో ప్రకటనలు, పీఆర్‌లో పీజీ డిప్లొమా ఉంది, ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. సమాచార పౌర సంబంధాల శాఖలో డీపీఆర్‌ఓ (జిల్లా పౌర సంబంధాల అధికారి) ఉద్యోగాలూ మంచివే కానీ, నోటిఫికేషన్లు అరుదు. దాని కోసమే ఏళ్లు ఆగవద్దు. ఏజెన్సీలు ఎక్కువగా హైదరాబాద్‌లో ఉంటాయి, మొదట్లో జీతం తక్కువే. ఆ రెండింటికీ మీ ఇంట్లో ముందే సిద్ధపడండి.

ఇక ఆ ఆసుపత్రి సంగతి. ప్రెస్‌నోట్లు ఎవరు రాస్తారు, మీడియాతో ఎవరు మాట్లాడతారు, అమ్మాయి ఎవరి కింద పనిచేస్తుంది అని అడగండి. జవాబు ఫీల్డు, టార్గెట్ దగ్గరే తిరిగితే వదిలేయండి. రాసే పని ఉండి, నేర్పే సీనియర్ ఉంటే జీతం కొంచెం తక్కువైనా చేర్పించండి.